గాజు లోగుట్టు చెప్పిన కాంతి.. విశాఖలో చదివిన రామన్ జీవితం

విశాఖపట్నం: ఏటా ఫిబ్రవరి 28న పాఠశాలల్లో, కళాశాలల్లో జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవం జరుగుతుంది. సర్ సి.వి.రామన్ చిత్రపటానికి పూలమాల వేస్తారు. వ్యాసరచన పోటీలు పెడతారు. సముద్రం నీలంగా ఎందుకు కనిపిస్తుందో ఒక విద్యార్థి వేదికపైకి వచ్చి చెబుతాడు. అక్కడితో సభ ముగుస్తుంది. ఆ శాస్త్రవేత్త బాల్యంలో పదేళ్లు విశాఖ పట్టణంలోనే గడిచాయన్న సంగతి చాలా సభల్లో ప్రస్తావనకే రాదు. ఆయన కనుగొన్న పద్ధతితోనే నేటికీ ప్రయోగశాలల్లో గాజును, పలుచని పొరలను, కంప్యూటర్ చిప్‌లకు ప్రాణమైన సిలికాన్‌ను పరీక్షిస్తున్నారన్న సంగతి అంతకన్నా తక్కువ మందికి తెలుసు. రామన్ ఫలితం అనగానే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా గుర్తుపెట్టుకోవడమే తప్ప, అది ఈ రోజుకీ పనిచేస్తున్న పనిముట్టు అని పిల్లలకు చెప్పేవారు అరుదు.

విశాఖలో పదేళ్లు

చంద్రశేఖర వేంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖరన్ రామనాథన్ అయ్యర్, తల్లి పార్వతీ అమ్మాళ్. ఎనిమిది మంది సంతానంలో ఆయన రెండోవారు. తండ్రిది ఉపాధ్యాయ వృత్తి. 1892లో విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాల అధ్యాపకునిగా ఆయనకు ఉద్యోగం రావడంతో కుటుంబమంతా ఇక్కడికి తరలివచ్చింది. అప్పటికి రామన్ నాలుగేళ్ల పిల్లవాడు.

ఇంట్లో సంపద లేదు గానీ పుస్తకాలకు కొదవ లేదు. తండ్రికి వయోలిన్ అంటే మక్కువ. గణిత గ్రంథాల నడుమ, తీగల నాదం వింటూ పెరిగిన ఆ బాలుడు తర్వాతి కాలంలో వయోలిన్, వీణ, తబలా, మృదంగాల ధ్వని మీద పరిశోధనలు చేశారంటే ఆశ్చర్యపడనక్కర లేదు. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి 11వ ఏటనే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. తండ్రి పనిచేస్తున్న ఏ.వి.ఎన్. కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివి 13వ ఏట ఉత్తీర్ణులయ్యారు. ఆ వయసుకు మన పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉంటారు. ఆ చదువు తర్వాత ఉపకార వేతనంతో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు. విశాఖతో ఆయన విద్యార్థి జీవితం అక్కడితో ముగిసింది.

ప్రెసిడెన్సీలో 1904లో బి.ఏ. ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులై భౌతికశాస్త్రంలో, ఆంగ్లంలో బంగారు పతకాలు అందుకున్నారు. అక్కడి ప్రయోగశాలలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పుకోదగ్గది. గాజు పట్టకాన్ని వర్ణపటమాపకం బల్లపై అమర్చి దాని కోణం కొలిచే ప్రయోగం ఇప్పటికీ మన జిల్లాల డిగ్రీ కళాశాలల్లో ప్రతి భౌతికశాస్త్ర విద్యార్థీ చేస్తాడు. కోణం కొలిచి, రికార్డు రాసి, అధ్యాపకుని సంతకం పుచ్చుకుని వెళ్లిపోతాడు. రామన్ కూడా అదే పని చేస్తూ, పట్టకం ముఖం మీద కాంతి బాగా ఏటవాలుగా పడినప్పుడు ఏర్పడే చారలు రెండు వైపులా సమానంగా లేవని గమనించారు. ఎందుకిలా అని వెంటపడ్డారు. ఫలితాన్ని పత్రంగా రాసి లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌కు పంపారు. 1906లో అది అచ్చయింది. అప్పటికి రచయిత వయసు 18 ఏళ్లు. ప్రపంచమంతటా గాజు వర్ణపటాల పరీక్షకు తన పేరు నిలిచిపోయే మనిషికి మొదటి మెట్టు కూడా ఒక గాజు ముక్కే కావడం యాదృచ్ఛికమే అయినా, ముచ్చటైన విషయం.

లెక్కల ఉద్యోగం.. వేకువ ప్రయోగాలు

పై చదువులకు ఇంగ్లండు వెళ్లమని అధ్యాపకులు ప్రోత్సహించారు. మద్రాసు సివిల్ సర్జన్ పరీక్షించి, ఈ బలహీన శరీరం ఆ దేశపు చలిని తట్టుకోలేదని తేల్చడంతో ఆ దారి మూసుకుపోయింది. శాస్త్ర పరిశోధనను నమ్ముకుని బతికే ఉద్యోగాలు ఆనాడు భారతీయులకు లేవు. దాంతో 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగ పరీక్ష రాసి మొదటి స్థానంలో నిలిచారు. అదే ఏడాది లోకసుందరీ అమ్మాళ్‌తో వివాహమైంది. అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తాలో చేరారు. మంచి జీతం, హోదా, భద్రత అన్నీ ఉన్నాయి.

కార్యాలయానికి ట్రాములో వెళ్లివచ్చే దారిలో బౌబజార్ వీధిలో ఒక భవనం మీది పలక ఆయన కంటబడింది. అది డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. లోపల పరికరాలు ఉన్నాయి గానీ వాటితో పనిచేసేవారు లేరు. రామన్ అనుమతి అడిగారు. నిర్వాహకులు ఆనందంగా తలుపులు తెరిచారు. అక్కడి సహాయకుడు ఆశుతోష్ డే ఆయనకు కుడిభుజమయ్యారు. విశ్వవిద్యాలయ పట్టాలు లేని ఆశుబాబు చేతి నైపుణ్యం ఆ ప్రయోగశాలలో ఎన్నో పత్రాలకు ఆధారం.

తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు లెక్కల కార్యాలయం, సాయంత్రం నుంచి రాత్రి దాకా మళ్లీ ప్రయోగశాల. ఇలా పదేళ్లు సాగింది. మధ్యలో రంగూన్‌కు, నాగపూర్‌కు బదిలీలైనా చదువు ఆగలేదు. 1911లో మళ్లీ కలకత్తా చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతి అశుతోష్ ముఖర్జీ ఆయనలోని శక్తిని గుర్తించి పాలిత్ ఆచార్య పదవి చేపట్టమని కోరారు. జీతం ప్రభుత్వోద్యోగంలో వచ్చేదానిలో దాదాపు సగం. పైగా ఆ పదవికి ఎంపికైనవారు విదేశాల్లో శిక్షణ పొందాలన్న నిబంధన ఉంది. శిక్షణ కోసం విదేశానికి వెళ్లేది లేదని రామన్ నిరాకరించారు. నిబంధనే సడలించాల్సి వచ్చింది. 1917లో రామన్ ప్రభుత్వ కొలువు వదులుకున్నారు. పెళ్లైన మనిషి పెద్ద జీతాన్ని వదిలి చిన్న జీతానికి వెళితే బంధువర్గం ఏమంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే ఆయన పేరు పాత దస్త్రాల్లో సంతకంగా మిగిలిపోయేది.

సముద్రం వేసిన ప్రశ్న

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ సామ్రాజ్యపు విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా ప్రతినిధిగా రామన్ వెళ్లారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా నౌక మధ్యధరా సముద్రం మీదుగా వస్తోంది. ఆ నీటి గాఢమైన నీలిరంగు ఆయనను పట్టుకుంది. సముద్రపు నీలం ఆకాశపు నీలానికి ప్రతిబింబం మాత్రమేనని అప్పటికి లార్డ్ రేలీ చెప్పిన మాట చెలామణిలో ఉంది. విశాఖ తీరంలో పదేళ్లు పెరిగిన రామన్‌కు సముద్రం కొత్త కాదు. కానీ ఈసారి ఆయన జేబులో నికోల్ పట్టకం ఉంది.

నీటి ఉపరితలం నుంచి ఒక ప్రత్యేక కోణంలో పరావర్తనం చెందే కాంతి ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని కంపనాలన్నీ ఒకే తలంలో ఉంటాయి. నికోల్ పట్టకాన్ని తగిన విధంగా తిప్పితే ఆ కాంతి అడ్డుపడి ఆగిపోతుంది. ఆకాశపు ప్రతిబింబాన్ని రామన్ అలా తుడిచేశారు. సముద్రపు నీలం పోలేదు సరికదా, మరింత స్పష్టంగా కనిపించింది. నీటి అణువులే సూర్యకాంతిని చెదరగొడుతున్నాయని ఆయనకు అర్థమైంది. ఓడ బొంబాయి రేవు చేరేసరికి నేచర్ పత్రికకు లేఖ సిద్ధమైంది. ఖరీదైన పరికరమేదీ లేకుండా, చేతిలో ఇమిడే స్ఫటికంతో ఒక మహా శాస్త్రవేత్త అభిప్రాయాన్ని సవరించిన తీరు ఇది.

గాజు కూడా చెదరగొడుతుంది

కలకత్తా చేరాక ఆయన శిష్యులతో కలిసి కాంతి పరిక్షేపణం మీద పడ్డారు. వాయువులు, ద్రవాలు, మంచుగడ్డ, స్ఫటికాలు ఒక్కొక్కటే పరీక్షకు వచ్చాయి. గాజు వంతూ వచ్చింది. కంటికి నిర్మలంగా కనిపించే గాజు దిమ్మె గుండా బలమైన కాంతిపుంజాన్ని పంపితే దాని దారి పొడవునా మసక వెలుగు కనిపిస్తుంది. అది గాజులోని మలినాల వల్ల, బుడగల వల్ల వచ్చేదని సులభంగా కొట్టిపారేయవచ్చు. రామన్ అలా చేయలేదు. అస్ఫటిక ఘనపదార్థాల్లో కాంతి పరిక్షేపణంపై 1927లో ఆయన ప్రచురించిన పత్రం గాజు స్వభావంలోనే ఈ గుణం ఉందని చూపింది. గాజు గట్టిగా ఉన్నా దాని లోపలి అమరిక స్ఫటికంలో మాదిరి వరుసగా ఉండదు, ద్రవంలో మాదిరి చిందరవందరగా ఉంటుంది. కాంతి ఆ గందరగోళాన్ని పసిగడుతుంది. గాజు నిర్మాణాన్ని పగలగొట్టకుండా వెలుగుతో చదవవచ్చన్న ఆలోచనకు ఇది తొలి అడుగుల్లో ఒకటి.

ఇంతలో ఒక చిక్కు వెంటాడుతూనే ఉంది. 1923లో శిష్యుడు కె.ఆర్.రామనాథన్ శుద్ధి చేసిన నీటిలో చెదిరిన కాంతితో పాటు, రంగు మారిన బలహీనమైన వెలుగు ఏదో వస్తున్నట్లు గుర్తించారు. మలినాల వల్ల వచ్చే ప్రతిదీప్తి కావచ్చునని ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. వెలుగు పోలేదు. తర్వాత ఎస్.వెంకటేశ్వరన్‌కు గ్లిజరిన్‌లోనూ ఆకుపచ్చని ఛాయ కనిపించింది. మలినమైతే శుద్ధి చేసినకొద్దీ తగ్గాలి. తగ్గడం లేదంటే అది పదార్థం తనంతట తాను చెబుతున్న మాట. ఎక్స్ కిరణాలు చెదిరినప్పుడు వాటి తరంగదైర్ఘ్యం మారుతుందని చూపిన అమెరికన్ శాస్త్రవేత్త కాంప్టన్‌కు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. కంటికి కనిపించే కాంతికీ అలాంటిది ఉండాలని రామన్ తీర్మానానికి వచ్చారు.

ఆ ఫిబ్రవరి రోజు

1928 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పని ఊపందుకుంది. కె.ఎస్.కృష్ణన్ ద్రవం వెంట ద్రవం శుద్ధి చేసి పరీక్షించారు. మొదట వాడింది సూర్యకాంతే. దూరదర్శిని కటకంతో దాన్ని ఒకచోట కేంద్రీకరించి, ఊదా రంగును మాత్రమే వదిలే వడపోత గాజు గుండా ద్రవంలోకి పంపారు. బయటికి వచ్చే దారిలో ఊదాను పూర్తిగా అడ్డగించే ఆకుపచ్చ వడపోతను పెట్టారు. రంగు మారకుండా చెదిరిన కాంతి మాత్రమే ఉంటే కంటికి చీకటే కనిపించాలి. కానీ వెలుగు కనిపించింది. అంటే లోపలికి వెళ్లిన రంగు బయటికి వచ్చేసరికి మారింది.

ఫిబ్రవరి 28న ఆ కాంతిని చిన్న వర్ణపటదర్శినితో చూశారు. అసలు కాంతికి విడిగా, మధ్యలో చీకటి ఎడంతో, కొత్త కాంతి పట్టీ కనిపించింది. తర్వాత సూర్యకాంతి స్థానంలో పాదరస దీపాన్ని పెట్టారు. పాదరస దీపపు వెలుగు వర్ణపటంలో వేర్వేరు గీతలుగా ఉంటుంది గనుక మార్పును పట్టుకోవడం తేలిక. బెంజీన్ వంటి ద్రవాల నుంచి చెదిరిన కాంతిలో దీపంలో లేని గీతలు ప్రత్యక్షమయ్యాయి. తొలి ప్రకటన నాటికే దాదాపు 60 ద్రవాల్లో ఈ ప్రభావం కనిపించింది.

దాని వెనుక ఉన్న సంగతి ఇది. కాంతి అణువును తాకినప్పుడు చాలామటుకు ఉన్న శక్తితోనే చెదిరిపోతుంది. సుమారు కోటిలో ఒక్క ఫోటాన్ మాత్రం అణువును కంపింపజేసి కొంత శక్తిని దానికి వదిలి వస్తుంది, లేదా అప్పటికే కంపిస్తున్న అణువు నుంచి కొంత శక్తి తీసుకుని వస్తుంది. అందువల్ల దాని రంగు మారుతుంది. ఎంత మారిందన్నది అణువులోని పరమాణువుల బరువు మీద, వాటి బంధాల బిగువు మీద, అమరిక మీద ఆధారపడుతుంది. ఏ రెండు పదార్థాల గీతల వరుసా ఒకటి కాదు. మనుషులకు వేలిముద్రలు ఎలాగో పదార్థాలకు ఈ గీతలు అలాగ.

అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రవేత్తలు క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ఫలితాన్ని గమనించారు. కొద్ది వారాల తేడాలో ఎవరు ముందు ప్రకటిస్తే వారి పేరే నిలిచేది. రామన్ మర్నాడే పత్రికలకు సమాచారమిచ్చారు. నేచర్‌కు ఫిబ్రవరి 16 తేదీతో రామన్, కృష్ణన్ పేర్లతో రాసిన లేఖ మార్చి 31 సంచికలో వెలువడింది. మార్చి 16న బెంగళూరులో రామన్ ఉపన్యసించి వర్ణపటాలను వివరించారు. ఆలస్యం చేయని ఆయన స్వభావమే ఇక్కడ దేశానికి ఒక కీర్తిని మిగిల్చింది. 1929లో సర్ బిరుదు వచ్చింది. 1930లో నోబెల్ బహుమతి దక్కింది. విజ్ఞానశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న తొలి ఆసియా వ్యక్తి ఆయనే.

ఇక్కడ కృష్ణన్ పేరు చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. పగలూ రేయీ ప్రయోగాల్లో కూర్చున్నది, తొలి లేఖలో సహరచయితగా నిలిచినది ఆయనే. బహుమతి మాత్రం రామన్ ఒక్కరికే వచ్చింది. ప్రశ్నను ఏడేళ్లు వదలకుండా పట్టుకున్నది, దారి చూపింది రామన్ అన్నదీ కాదనలేని మాటే. కృష్ణన్ తర్వాత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు తొలి సంచాలకులై 1961లో మరణించారు. మన విజ్ఞాన దినోత్సవ సభల్లో రామన్ పటం పక్కన కృష్ణన్ పటం కూడా ఉంటే బాగుండునని ఈ విలేకరి అభిప్రాయం.

వాల్తేరులో అదే దారి

రామన్ వదిలివెళ్లిన విశాఖకు ఆయన ఫలితం శిష్యుని రూపంలో తిరిగివచ్చింది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ వద్ద చేరారు. వజ్రంలో రామన్ ఫలితంపై తొలినాళ్లలోనే పనిచేశారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అధ్యాపకుడిగా వచ్చారు. అదే విశ్వవిద్యాలయంలో కొచ్చర్లకోట రంగధామరావు వర్ణపటశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పి ఒక తరాన్ని తీర్చిదిద్దారు.

భగవంతం చేసిన పని విలువ తెలియాలంటే ఒక చిక్కు తెలియాలి. పదార్థంలోని కంపనాలన్నీ రామన్ వర్ణపటంలో కనిపించవు. కొన్ని పరారుణ కాంతి శోషణంలో మాత్రమే కనిపిస్తాయి, కొన్ని ఎక్కడా కనిపించవు. ఏది ఎక్కడ కనిపిస్తుందన్నది అణువు సౌష్ఠవాన్ని బట్టి ఉంటుంది. దాన్ని గణితంతో ముందుగానే లెక్కగట్టే పద్ధతిని భగవంతం, టి.వెంకటరాయుడు కలిసి గ్రంథంగా రాశారు. సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే ఆ ఆంగ్ల గ్రంథం 1948లో వాల్తేరు నుంచే వెలువడింది. తెలుగు నేల మీద రాసిన శాస్త్ర గ్రంథాల్లో దానికి పెద్దపీట వేయాలి. మన కళాశాల గ్రంథాలయాల్లో దాని ప్రతి ఎన్నింటిలో ఉందో వెతికితే తెలుస్తుంది.

ఒక్క గీత చాలు

రామన్ కాలంలో ఒక వర్ణపటాన్ని ఛాయాచిత్ర పలక మీద పట్టడానికి గంటల తరబడి వేచి ఉండాల్సి వచ్చేది. వెలుగు అంత బలహీనం. 1960లో లేజర్ వచ్చాక పరిస్థితి మారింది. ఒకే రంగు, సన్నని పుంజం, గొప్ప తీవ్రత గల ఆ కాంతి రామన్ పద్ధతి కోసమే పుట్టినట్లుంది. 1970ల్లో సూక్ష్మదర్శినిని జతచేయడంతో వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు చిన్న చోటును కూడా పరీక్షించడం సాధ్యమైంది. గంటల పని సెకన్లలోకి వచ్చింది.

సిలికాన్ స్ఫటికం రామన్ వర్ణపటంలో ఒకే ఒక పదునైన శిఖరాన్ని ఇస్తుంది. దాని స్థానం సెంటీమీటరుకు 520 తరంగాల దగ్గర. అది ఎంత నమ్మకమైనదంటే, ప్రయోగశాలల్లో పరికరం సరిగా ఉందో లేదో చూడటానికి ముందుగా ఒక సిలికాన్ ముక్కనే పెట్టి చూస్తారు, కిరాణా కొట్టులో తూకానికి ముందు త్రాసు ముల్లు చూసుకున్నట్లు. అదే సిలికాన్‌ను స్ఫటికం కాకుండా పలుచని పొరగా పరిస్తే శిఖరం వెడల్పై 480 దగ్గరికి జారుతుంది. సౌర ఫలకాల కోసం పరిచిన పొరలో ఎంత భాగం స్ఫటికమైందో ఈ రెండింటి పోలికతో చెబుతారు. పొర లాగబడినట్లు ఉంటే శిఖరం కిందికి, నొక్కబడినట్లు ఉంటే పైకి జరుగుతుంది. చిప్ లోపలి బిగువును దాన్ని విప్పకుండా, గీకకుండా చూసే మార్గం ఇది. ఒక్క పరమాణువు మందమున్న కర్బన పొర అయిన గ్రాఫీన్‌లో పొరలు ఒకటా రెండా అన్నదీ రామన్ గీత ఆకారమే చెబుతుంది.

గాజు సంగతి ఇంకా ఆసక్తికరం. ఆక్సైడ్ల పొడులను కలిపి మూసలో కరిగించి, ఆ ఎర్రని ద్రవాన్ని లోహపు పలకపై పోసి ఒక్కసారిగా చల్లార్చితే గాజు తయారవుతుంది. అది నిజంగా గాజేనా, లోపల స్ఫటికం ఏర్పడిందా అన్నది మొదట ఎక్స్ కిరణాలతో చూస్తారు. స్ఫటికమైతే పదునైన శిఖరాలు, గాజైతే వెడల్పాటి గుబ్బ వస్తాయి. వరుస లేదని ఎక్స్ కిరణం చెబుతుంది గానీ, ఆ వరుసలేనితనంలో ఏ పరమాణువు దేనితో చేయి కలిపిందో చెప్పలేదు. అది చెప్పేది రామన్, పరారుణ వర్ణపటాలు. స్వచ్ఛమైన బోరాన్ ఆక్సైడ్ గాజులో 808 దగ్గర బలమైన శిఖరం ఉంటుంది. మూడు బోరాన్, మూడు ఆక్సిజన్ పరమాణువులు కట్టుకున్న ఉంగరం ఊపిరి తీసినట్లు కంపించడం వల్ల అది వస్తుంది. దానికి సోడియం వంటి క్షారలోహపు ఆక్సైడ్ కలిపితే 808 తగ్గి 770 పెరుగుతుంది. మూడు చేతుల బోరాన్ నాలుగు చేతులది అయిందన్న మాట. గాజు గట్టిదనం, కరిగే ఉష్ణోగ్రత ఎందుకు మారాయో అక్కడ తెలుస్తుంది. ఎంత శక్తి గల కాంతిని గాజు మింగుతుందన్నది వేరే పరీక్ష, దానికి అతినీలలోహిత, దృశ్యకాంతి శోషణాన్ని కొలుస్తారు. ఈ పద్ధతులు ఒకదానికొకటి పోటీ కావు. ఒక్కో సాక్షి ఒక్కో వైపు నుంచి చూసిన సంగతి చెబుతుంది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర, గుంటూరు సమీపంలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల నుంచి ఇటువంటి గాజులపై ఎన్నో పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. జిల్లాల నుంచి వెళ్లిన సాధారణ కుటుంబాల పిల్లలే వాటిలో చాలామటుకు పనిచేశారు. ఇక తొలకరి వానలు పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలలో రాళ్లు వెతికేవారి సంగతి అందరికీ తెలిసిందే. దొరికిన మెరుపు రాయి వజ్రమా, గాజు పెంకా అన్న అనుమానానికి కూడా రామన్ పరికరం దగ్గర క్షణాల్లో సమాధానం ఉంది. వజ్రమైతే 1332 దగ్గర సూదిలాంటి ఒకే గీత వస్తుంది, గాజైతే రాదు.

బెంగళూరులో

నోబెల్ తర్వాతి జీవితం పూలబాట కాదు. 1933లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ సంచాలకులయ్యారు. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నెలకొల్పారు. నాగేంద్రనాథ్‌తో కలిసి ధ్వని తరంగాల వల్ల కాంతి వివర్తనంపై చేసిన పని నేటికీ పాఠ్యగ్రంథాల్లో ఉంది. కానీ పాలనలో ఆయన దూకుడు, భౌతికశాస్త్రానికి ఇచ్చిన ప్రాధాన్యం సంస్థ పెద్దలకు గిట్టలేదు. విచారణ సంఘం వేశారు. 1937లో సంచాలక పదవి వదులుకుని, ఆచార్యునిగా మాత్రం 1948 వరకు కొనసాగారు.

అప్పుడూ పదార్థాల మీది ప్రేమ తగ్గలేదు. నేలలో శతాబ్దాలు పడి ఉన్న పురాతన గాజు మీద ఇంద్రధనుస్సు రంగులు ఎలా వస్తాయో 1940లో రాజగోపాలన్‌తో కలిసి వివరించారు. పాడైన గాజు పలుచని పొరలు పొరలుగా విడివడి, వాటి నడుమ కాంతి వ్యతికరణం చెందడమే కారణం. వజ్రాలను సేకరించి వాటి మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఇక్కడే ఒక పొరపాటు కూడా చేశారు. స్ఫటికాల్లో కంపనాల గురించి జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ చెప్పిన సిద్ధాంతాన్ని రామన్ అంగీకరించక తన సొంత సిద్ధాంతం ప్రతిపాదించారు. కాలం బోర్న్ పక్షాన తీర్పిచ్చింది. రామన్ చివరిదాకా తన మాట మీదే నిలిచారు. ఏ పట్టుదల ఆయనను ఏడేళ్లు ఒక మసక వెలుగు వెంట నడిపించిందో, అదే పట్టుదల ఇక్కడ ఆయనకు అడ్డు నిలిచింది. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి దాచడం మన పత్రికలకు అలవాటు. దాచితే మనిషి మిగలడు, విగ్రహం మిగులుతుంది.

పదవీ విరమణ వేళకు మైసూరు మహారాజా ఇచ్చిన స్థలంలో రామన్ పరిశోధన సంస్థ రూపుదిద్దుకుంది. ప్రభుత్వ ధనం తీసుకుంటే నివేదికలు సమర్పించాలి, చెప్పినట్లు వినాలి అన్నది ఆయన భయం. అందుకే ప్రభుత్వ సాయం వద్దని విరాళాలతో నడిపారు. తోటలో గులాబీలు పెంచారు. పూల రంగుల మీద, రత్నాల మీద, కంటి చూపు మీద వృద్ధాప్యంలోనూ పరిశోధించారు. 1954లో భారతరత్న, 1957లో లెనిన్ శాంతి బహుమతి అందుకున్నారు. అన్న కుమారుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు 1983లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. దాన్ని చూడటానికి రామన్ లేరు.

1970 నవంబరు 21న బెంగళూరులో 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలు శ్మశానంలో కాకుండా సంస్థ తోటలోనే జరిగాయి. అక్కడ సమాధి కట్టలేదు. చితి కాలిన చోట ఒక మొక్క నాటారు.